రేగడిలో చక్రం, పగ్గం పట్టిన చేయి

తొలకరి నిలిచి రెండు రోజులు కురిసినదంటే గుడివాడ చుట్టుపట్ల డొంకల స్వభావమే మారిపోతుంది. రోహిణి ఎండలలో నెర్రెలు విచ్చి, గిట్ట తగిలితే రాయివలె మోగిన నేల, ఆరుద్ర కార్తె వచ్చేసరికి చక్రాన్ని పట్టుకొని వదలని రొంపి అవుతుంది. నల్లరేగడిలో బంకమట్టి పాలు ఎక్కువ. అది నీటిని త్రాగి ఉబ్బుతుంది. ఉబ్బినకొద్దీ జిగురు హెచ్చుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా ఒక్కొక్క పొర అంటుకొని, పది బారలు పోయేసరికి ఆకుల సందులన్నీ పూడి, అది తిరుగలి రాయివలె తయారవుతుంది. అక్కడినుండి చక్రం దొర్లదు, ఈడ్చుకొనిపోవలసినదే.

ఈ నేలమీద పుట్టినవారికి ఒక పాత తగవు ఉన్నది. రొంపి దాటించేది బండా, బండివాడా? ఎడ్లబండి కాలంలోనూ ఈ తగవు ఉన్నది, ట్రాక్టరు కాలంలోనూ ఉన్నది. ఈ నడుమ చక్రాలు మారినవి, ధరలు మారినవి, ప్రమాదాల తీరు మారినది; తగవు మాత్రం రచ్చబండమీదనే కూర్చొని ఉన్నది. కొత్త చక్రం కొన్నవాడు చక్రం పక్షాన, కొనలేనివాడు నేర్పు పక్షాన మాట్లాడడం లోకసహజం. కనుక వారిద్దరినీ ప్రక్కన ఉంచి నేలనే సాక్ష్యం అడగడం మంచిది.

పాత పెద్దబండి చక్రం పట్టణవాసికి మోటుపనిగా తోస్తుంది. నిజానికి అది ఈ నేల గుణాన్ని ఎరిగినవారు చేసిన యంత్రం. ఎత్తు మనిషి ఛాతీని అందుకొంటుంది; ఇనుప పట్టా వెడల్పు మాత్రం కొద్ది అంగుళాలే. ఎత్తయిన చక్రం గుంటలో పూర్తిగా కూరుకొనిపోదు, పడినా సులువుగా పైకెక్కుతుంది. ఇరుసు బురదకు అందకుండా ఉంటుంది. సన్నని పట్టా పైబురదను కోసుకొని క్రింది గట్టినేలను తాకుతుంది. పైన జానెడు అడుసు, అడుగున గట్టిదనం ఉన్న డొంకలో దీనికంటె మేలైన చక్రం దొరకదు. కాని అడుగున గట్టినేల లేనిచోట, అనగా కాలువ ఊట దిగిన పల్లంలోను, సముద్రపు పర్రలోను, ఎప్పుడో పూడిన కుంటమీదను, ఆ సన్నదనమే శత్రువవుతుంది. పట్టా కోసుకొంటూ కోసుకొంటూ ఇరుసుదాకా దిగిపోతుంది. వడ్రంగి కూర్చిన కొయ్యకు కమ్మరి ఎర్రగా కాల్చిన పట్టాను తొడిగి నీళ్ళు చల్లితే అది చల్లారి, బిగిసి, ఆకులన్నింటినీ ఒక్కటిగా పట్టి ఉంచుతుంది. వారిద్దరి పనితనం ఎంతటిదైనా, తాను ఏ నేలమీద ఉన్నదో చక్రానికి తెలియదు. అది తెలియవలసినవాడు నొగమీద కూర్చున్నవాడు.

బండివాని నేర్పు ముల్లుగర్రలో ఉన్నదనుకొనేవారు బండి తోలి ఎరుగనివారు. ఆ నేర్పులో మొదటిది బండి దిగి నడవడం. రొంపి ముందు ఎడ్లను నిలిపి, కర్ర పుచ్చుకొని, మోకాలిదాకా తాను దిగి చూచిన తరువాతనే బండివాడు చక్రాన్ని దింపుతాడు. నిన్నటి బండ్లు వేసిన గాడిలో పోవలెనా, గాడిని తప్పించవలెనా అనేది అక్కడికక్కడ తేల్చవలసిన ధర్మసందేహం. గాడి అడుగు అణగి గట్టిపడి ఉంటే గాడియే రాజమార్గం. అందులో నీరు నిలిచి నాని ఉంటే అదే గోతికి దారి. బస్తాలు ముందుకు చేర్చితే కాడి మెడలమీద కూర్చుంటుంది. మరీ వెనుకకు జరిపితే కాడి పైకి లేచి ఎద్దుల పట్టు తప్పుతుంది. దాపటి ఎద్దును నిలవరించి వెలపటిదానిచేత ఒక్క అడుగు వేయిస్తే బండి ఓరగా కదలి జిగురు పట్టు వదులుతుంది. రెండూ ఒక్కసారి ఎదురుగా గుంజితే కదలని చక్రం ఈ ఓరకదలికకు లొంగుతుంది. రొంపికి ముందే ఎడ్లకు ఊపిరి తీసుకొనే వ్యవధి ఇవ్వడం, దిగిన తరువాత నడుమ ఆగకపోవడం కూడా ఇందులో భాగమే. ఇన్నింటికీ కాణీ ఖర్చు లేదు.

అన్నింటికంటె కష్టమైన నేర్పు సగం బస్తాలు దింపి రెండు తడవలుగా దాటించడం. అది చేతకాక చేయరని కాదు. చూచేవారి ఎదుట చిన్నతనమనిపించి చేయరు. డొంకలలో విరిగిన ఇరుసులు ఎన్నో ఈ చిన్నతనం ఖాతాలోనివే.

అసలు ఈ సీమలో పూర్వులు వానాకాలపు రొంపితో తలపడడం తగ్గించుకొన్నారు. బెజవాడవద్ద కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తి అయిన తరువాత కాలువలు పొలాలకు నీరు ఇవ్వడమేకాక పడవలకు దారి కూడా ఇచ్చినవి. బందరు కాలువమీద ధాన్యం, ఉప్పు, పెళ్ళివారు అందరూ పడవలలోనే సాగేవారు. గట్టుమీద త్రాడు పట్టి లాగే మనుషులకు బురద తప్పలేదు గాని, బరువును మోసినది మాత్రం నీరు. రోడ్లు వచ్చి పడవలు పోయినవి; లాకులవద్ద ఆగి నలుగురితో మాట్లాడే తీరికా పోయినది. రొంపి మాత్రం పోలేదు.

నేర్పును పొగిడేవారు సాధారణంగా ఒక మాట దాచిపెడతారు. బండివాడు ఎంతటి ఘటికుడైనా కొయ్యచక్రపు భారం చివరకు ఎద్దు మెడమీదనే పడేది. కాచి పుండుపడిన మెడలతో తిరిగిన ఎడ్లను ఏ నేర్పూ కాపాడలేదు. ఒంగోలు జాతి బలమైనది గనుక ఓర్చుకొన్నదని చెప్పడం న్యాయం కాదు. ఇక్కడ చక్రం మారవలసిన అవసరం నిజంగానే ఉన్నది.

ఆ మార్పుకు మూలపురుషుడు ఒక పశువైద్యుడు కావడం విచిత్రం. బెల్‌ఫాస్టు నగరంలో వైద్యం చేసుకొంటున్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టి చూచి, 1888లో దానికి పేటెంటు తీసుకొన్నాడు. పసివాని కుదుపు తగ్గించడానికి పుట్టిన ఆ గాలిచక్రం కాలక్రమాన కృష్ణాతీరపు ఎద్దుకు కూడా చేరి, టైరుబండి అయినది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటుకు తొలి డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి, ఎద్దుబండిని బాగుచేయడం దేశానికి చిన్నపని కాదని 1970ల నుండి పట్టుబట్టి వాదించినవారు. పెద్ద విద్యాలయపు అధిపతి కాడినీ, మెడపుండునూ గురించి మాట్లాడడం చూచి నవ్వినవారు ఉండవచ్చును. ఎద్దు మాత్రం నవ్వి ఉండదు.

టైరుబండి చేసిన మేలు ప్రత్యక్షం. గట్టి బాటమీద అదే జత మునుపటికంటె ఎక్కువ బరువును తక్కువ శ్రమతో లాగుతుంది. వెడల్పు చక్రం బరువును పరచి మోయడంవల్ల మెత్తని నేలమీద దిగుడు తగ్గుతుంది. అయితే పిమ్మట జరిగినది ఏమి? ఎద్దు కష్టం తగ్గించడానికి వచ్చిన చక్రం బస్తాల సంఖ్య పెంచడానికి పనికివచ్చినది. తేలికగా దొర్లే బండి వంతెన దిగుడులో ఎడ్లను వెనుకనుండి తోయడం మొదలుపెట్టినది. ఆపడానికి బ్రేకు లేదు. జారుడు పట్టిన కాలువ గట్టుమీద కొయ్యచక్రం నేలను కోసి నిలిచేచోట, నున్నగా అరిగిన టైరు ప్రక్కకు జారినది. తోలేవాడు కొత్త భయాలను కొత్తగా నేర్చుకోవలసి వచ్చినది.

ఇప్పుడు ఆ తగవు ట్రాక్టరు దగ్గరకు వచ్చి ముదిరినది. కాలువలకు నీరు వదలినది మొదలు నాట్లు ముగిసేవరకు గుడివాడ, పామర్రు, అవనిగడ్డ ప్రాంతాలలో దమ్ము పని సాగుతుంది. నీరు నిలిపిన మడిలో రబ్బరు టైరు వట్టిగా తిరుగుతుంది గనుక, దానికి బదులుగానో, ప్రక్కన తోడుగానో ఇనుప బద్దీలతో పంజరంవలె చేసిన దమ్ము చక్రాలను బిగిస్తారు. వాటి బద్దీలు బురదను పట్టుకొని బండిని నడుపుతూనే మట్టిని చిలుకుతాయి. చక్రానికి చక్రం, నాగలికి నాగలి. ఈ నేలకోసం వాహనానికి చేసిన మార్పులలో ఇంతకంటె తెలివైనది లేదని చెప్పవచ్చును. కాని అదే చక్రంతో మడినుండి మడికి తారురోడ్డుమీదుగా పోతే, రోడ్డు దున్నినట్లు చిట్లుతుంది. దమ్ము చక్రాలతో రోడ్డెక్కవద్దని అధికారులు హెచ్చరించడం, చక్రాలు మార్చే తీరిక లేదని కిరాయి తోలేవారు మొరపెట్టుకోవడం పరిపాటి అయినది. గంటల లెక్కన కిరాయి దొరికే ఆ నాలుగు వారాలలో చక్రం విప్పి బిగించే సమయం కూడా డబ్బే. ఒకని మడిలో లాభమైనది ఊరందరి బాటమీద నష్టంగా తేలుతుంది.

ట్రాక్టరు విషయంలో అసలు ఆపద వేరొకటి ఉన్నది. వెనుక చక్రాలు ఊబిలో బిగుసుకొన్నప్పుడు ఇంజను శక్తి ఊరుకోదు. ఇరుసు తిరగలేకపోతే ఆ ఇరుసు చుట్టూ ట్రాక్టరే తిరుగుతుంది. ముందు చక్రాలు గాలిలోనికి లేస్తాయి; రెండు సెకండ్లయినా గడవకముందే బండి వెనుకకు తిరగబడి తోలేవానిమీద పడుతుంది. క్లచ్చిమీదికి కాలు పోయే వ్యవధి ఉండదు. దిగబడిన చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి ముందుకు పోనిచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. అది బయటపడే ఉపాయంగా కనిపిస్తుంది గాని, చక్రాన్ని పూర్తిగా బంధించి, బండిని తిరగబడమని ఆహ్వానించడమే. తెలిసినవాడు ముందుకు పోడు. గేరు వెనుకకు వేసి వచ్చిన దారినే మెల్లగా తిరిగివస్తాడు. వెనుకకు నడిపేటప్పుడు ఇంజను పట్టు ముందు చక్రాలను పైకి లేపదు, నేలకే అదుముతుంది. అదీ కాకపోతే ఇంజను ఆపి, త్రవ్వి, మరొక బండిని పిలుస్తాడు. ఆ త్రాడునైనా క్రిందనున్న కొక్కేనికే తగిలిస్తాడు. పైకి కట్టినకొద్దీ తిరగబడే భయం పెరుగుతుందని అతనికి తెలుసును.

ఇక్కడ నేర్పు పక్షంవారు జయఘోష చేయరాదు. క్షణకాలంలో జరిగిపోయే ప్రమాదానికి నేర్పు చాలదు. తోలేవాని తలపైన బలమైన ఇనుప చట్రం ఉంటే ట్రాక్టరు తిరగబడినా మనిషి నలగడు. స్వీడను దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు అటువంటి చట్రాన్ని తప్పనిసరి చేసినది. ఇక్కడి మడులలో తిరిగే ట్రాక్టర్లు అనేకం నేటికీ దానికి నోచుకోలేదు. పాటల పెట్టెలకు, రంగుదీపాలకు, బొమ్మలు వ్రాయించడానికి వెనుదీయని యజమాని ఈ ఒక్క ఇనుము దగ్గర లెక్కలు చూచుకోవడం విచారకరం.

రేగడిని విడిచి దివిసీమ దిగువకు పోతే ప్రశ్న మరొక రూపం దాల్చుతుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై, నడుమ దివిసీమను నిలిపి సముద్రంలో కలుస్తుంది. కోడూరు దాటి, పాలకాయతిప్పమీదుగా హంసలదీవి సంగమంవైపు పోయేవారికి బురదా ఇసుకా రెండూ ఎదురవుతాయి. అల తడిపి వెళ్ళిన ఇసుక గట్టిగా ఉంటుంది; దానికి పైనున్న పొడి ఇసుక చక్రాన్ని మింగుతుంది. పైకి ఇసుకపొరగా కనిపించి అడుగున ఒండ్రు నిండిన చోటు ఈ రెండింటికంటె మోసకారి. బందరుకు దగ్గరనున్న మంగినపూడి తీరంలో నేల నల్లమట్టి. పసుపుపచ్చని ఇసుకను ఊహించుకొని వచ్చినవారు అక్కడ వేరొక పాఠం నేర్చుకొంటారు.

ఇసుకలో వాహనం నడపడాన్ని శాస్త్రంగా మార్చినవారిలో బ్రిటిషు సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ ప్రముఖుడు. 1929, 1930, 1932 సంవత్సరాలలో ఆయన సాధారణమైన ఫోర్డు కార్లతో లిబియా ఎడారిని గాలించాడు. ఆయన చేసిన మార్పులు చూస్తే నేటి కుర్రవారికి నిరాశ కలుగుతుంది. బండికి బలం చేర్చడంకంటె బరువు తీసివేయడానికే ఆయన ఎక్కువ పాటుపడ్డాడు. అనవసరమైన రేకులు విప్పించాడు. టైర్లలో గాలి తగ్గించాడు. దిగబడితే చక్రం క్రింద పెట్టడానికి ఇనుప పలకలు వెంట తీసుకొన్నాడు. గాలి తగ్గిన టైరు నేలమీద వెడల్పుగా పరచుకొని బరువును పంచుతుంది. ఇది రొక్కం లేని మార్పు. అయితే ఏ ఇసుక మోస్తుందో ఏది మోయదో చూచి చెప్పడానికి ఆయన ఏళ్ళతరబడి ఇసుకనే చదివి, 1941లో దానిమీద గ్రంథం ప్రకటించాడు. దివిసీమలో పడవవాడూ, పీతలు పట్టేవాడూ ఆ చదువు పాదాలతో చదువుతారు. గ్రంథం వ్రాయరు, అంతే భేదం.

పాదాల విలువ ఈ సీమకు అతి కఠినంగా తెలిసినది 1977 నవంబరు 19న. ఆ రాత్రి ఉప్పెన దివిసీమను ముంచి వేలకువేల ప్రాణాలు తీసినది. చెట్లు కూలి, గట్లు తెగి, బాటలు ఎక్కడివక్కడ నిలిచిపోయినప్పుడు ఏ చక్రమూ పనిచేయలేదు. వాహనాలు ఆగినచోటినుండి మనుషులు నడిచే పోవలసి వచ్చినది. ఆ పిమ్మట కట్టిన రోడ్లూ, తుఫాను రక్షణ భవనాలూ ఏ జీపు మార్పుకంటెను ఎక్కువ ప్రాణాలకు అండగా ఉన్నవనడంలో అతిశయోక్తి లేదు. బండిని మార్చాలా, మనిషిని తీర్చాలా అని వాదించేవారు బాటను బాగుచేయడమనే మూడవ మార్గాన్ని తరచు మరచిపోతారు.

జీపు సంగతి కూడా కొంత చెప్పవలె. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఆ బండి రెండవ ప్రపంచయుద్ధంలో పుట్టి, 1947 తరువాత మహీంద్రావారి ద్వారా ఈ దేశంలో స్థిరపడినది. పాతతరం డ్రైవర్లు దానిని పెద్దగా మార్చలేదు. చిన్నగేరులో పెట్టి, ఆక్సిలేటరుమీద కాలు నొక్కకుండా, దానంతట దానిని పాకనిచ్చేవారు. ఇప్పటి యువకులు బండిని ఎత్తించి, పెద్దటైర్లు వేయించి, ముందు మోకుచక్రం బిగించి బురదకు పోతారు. ఎత్తు పెరిగితే అడుగు తగలదు, నిజమే. బరువు కేంద్రం పైకి పోయి, వాలుగట్టుమీద బండి సులభంగా పొర్లుతుంది, అదీ నిజమే. పెద్దటైరు బరువు ఇరుసుమీదా, బ్రేకుమీదా పడుతుంది. తయారీదారు నిర్ణయించిన రూపాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుండగా, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిపరచినది. అయినా గట్టు వాలు కొలిచేది న్యాయస్థానం కాదు, తోలేవాడే. నాలుగు చక్రాలు తిరిగే బండి దిగబడదని నమ్మినవాడు రెండు చక్రాల బండివాడు ఆగినచోట ఆగడు. మరింత లోపలికి పోయి, పిలిస్తే పలికేవారు లేనిచోట దిగబడతాడు.

అయితే చక్రం పక్షమే పూర్తిగా గెలిచిన సందర్భం ఒకటి ఉన్నది. దాళ్వా సంగతి అటుంచి, సార్వా కోతలు తుఫానుల కాలంలోనే వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్లవద్ద తీరం దాటినప్పుడు కృష్ణా డెల్టాలో కోతకు వచ్చిన వరి నీటిలో ఒరిగినది. అటువంటి ఏడు టైర్ల కోతయంత్రం మడి గట్టుదగ్గరనే నిలిచిపోతుంది. చైను యంత్రం దిగుతుంది. దాని బరువు రెండు పొడవైన పట్టాలమీద పరచుకొని ఉండడంచేత, మనిషి పాదం దిగేచోట కూడా అది తేలుతూ పోతుంది. టైరు యంత్రాన్ని తోలేవాడు ఎంత నేర్పరి అయినా ఆ మడిలో చేయగలిగినది లేదు. మొలకెత్తుతున్న గింజను చూస్తూ నిలబడిన రైతుకు ఆ సమయాన నేర్పును గూర్చి ప్రసంగం వినిపించడం క్రూరత్వం. కిరాయి గంటకు ఎంత అడిగినా ఇస్తాడు. పండిన పంటలో కొంత భాగం ఆ పట్టాల క్రిందికే పోతుంది.

ఆ యంత్రాలు ఎక్కువగా పొరుగు జిల్లాలనుండి, తమిళనాడునుండి కిరాయికి వస్తాయి. తోలేవానికి యంత్రం తెలుసును, మడి తెలియదు. ఏ మూల పాత కుంట పూడ్చినదో, ఏ గట్టు ప్రక్క బోదె ఉండి వరి క్రింద కనిపించకుండా పోయినదో అతనికి ఎవరు చెబుతారు? అందుచేత చైను యంత్రం మడిలో దిగినప్పుడు దానికి నాలుగు బారల ముందు పంచె ఎగగట్టి, కర్ర పుచ్చుకొని, నీటిలో పొడుస్తూ ఒక మనిషి నడుస్తుంటాడు. మెత్తన తగిలినచోట కర్రను అక్కడే గ్రుచ్చి, చేయి ఎత్తి ప్రక్కకు చూపుతాడు. యంత్రం ఆ కర్రను చుట్టి పోతుంది.